అదే కప్ప, అదే సాసు… అయితే ఏంటట?

2019 జనవరిలో, రెస్టారెంట్లకి ఒకటి నుంచి మూడు దాకా నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడు ఫ్రాన్స్ జాబితా వచ్చిన రోజు, నేనుండే ఈ ఫ్రాన్స్ సరిహద్దు చుట్టుపక్కలంతా ఒకటే చర్చ. ఓబెర్జ్ ద లిల్ అనే రెస్టారెంట్‌కి మూడో నక్షత్రం ఊడింది. 1967లో వచ్చిన నక్షత్రం, 51 ఏళ్ళు ఒకే కుటుంబం దగ్గర నిలబడింది. ఏడాది తిరగ్గానే, 2020 జనవరిలో, లియోన్ పక్కనున్న, పేరుమోసిన షెఫ్ పాల్ బోక్యూజ్ రెస్టారెంట్‌కీ అదే గతి పట్టింది. అక్కడది 1965 నుంచి ఉంది. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళే.

"అవి రెస్టారెంట్లు కావన్నయ్యా, మ్యూజియాలు. అరవైల నాటి వంటకాన్నే ఇప్పటికీ వడ్డిస్తుంటే నక్షత్రం పీకక ఏం చేస్తారు?" అన్నాడు మా తమ్ముడు. తమ్ముడంటే మా బాబాయి కొడుకు. పారిస్‌లో ఉద్యోగం. జీతంలో సగం కొత్త కొత్త రెస్టారెంట్లకే పెడతాడు. రుచి విషయంలో వాడి తీర్పంటే నాకు గౌరవమే. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరదు.

నా వాదన ముందే చెప్పేస్తాను. చేసిందే చేయడం రెస్టారెంట్‌కి లోపం కాదు. కొన్ని రెస్టారెంట్లకి అసలు పనే అది. కొత్తదనం కోసం తహతహలాడేది బయట తినడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళకి మొహం మొత్తుతుంది, పాపం, నేను కాదనను. కానీ ఏళ్ళకోసారి డబ్బు కూడబెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంట్లో పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళే మామూలు మనిషికి కావలసింది వేరు. గైడు మొదటి రకం వాళ్ళ నాలుకతో తిని రెండో రకం వాళ్ళకి సలహా ఇస్తోంది.

నేనుండేది స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో. మందుల కంపెనీల ఊరు కాబట్టి హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళం బాగానే ఉన్నాం. సెలవు రోజున సరిహద్దు దాటి కోల్మార్ వెళ్ళి, రంగు రంగుల ఇళ్ళ ముందు ఫొటోలు దిగి, సూపర్‌మార్కెట్లో సరుకులు కొనుక్కుని రావడం మా అందరికీ అలవాటే. స్విట్జర్లాండ్ ధరలు చూసిన కళ్ళకి ఫ్రాన్స్‌లో అన్నీ చవకే, ఈ రెస్టారెంట్ తప్ప. కోల్మార్ నుంచి ఉత్తరంగా ఇంకో పదిహేను కిలోమీటర్లు పోతే ఇల్‌హాయ్‌జెర్న్ వస్తుంది. వెయ్యి మంది కూడా లేని పల్లె. ఇల్ నది మీద ఒక వంతెన, ఏట్లోకి వంగిన విల్లో చెట్లు, వాటి వెనక ఓబెర్జ్.

హేబెర్లిన్ కుటుంబం 19వ శతాబ్దంలోనే ఇక్కడ పూటకూళ్ళ ఇల్లు నడిపేది. పచ్చ చెట్టు అని దాని పేరు. ఏట్లో పట్టిన చేపల్ని రీస్లింగ్ అనే ఇక్కడి తెల్ల వైన్‌లో ఉడికించిన పులుసు, చిన్న చేపల వేపుడు. వాటికే జనం వచ్చేవాళ్ళు. అల్సాస్ అనే ఈ నేల 1871లో జర్మనీ పాలైంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఫ్రాన్స్‌కి వచ్చింది. 1940లో మళ్ళీ జర్మనీ, 1945లో మళ్ళీ ఫ్రాన్స్. ఆ ఆఖరి యుద్ధంలో పూటకూళ్ళ ఇల్లు నేలమట్టమైంది. పాల్, జాన్ పియేర్ అనే అన్నదమ్ములిద్దరూ తిరిగి కట్టి 1950లో ఇప్పటి పేరు పెట్టారు. పాల్ వంటింట్లో ఉండేవాడు. జాన్ పియేర్ చిత్రకళ చదువుకున్నవాడు, హాలు చూసుకునేవాడు. 1952లో మొదటి నక్షత్రం, 1957లో రెండోది, 1967లో మూడోది. పాల్ 2008లో, జాన్ పియేర్ 2014లో పోయారు. ఇప్పుడు వంటిల్లు పాల్ కొడుకు మార్క్ చేతిలో ఉంది. జెండా ఇన్నిసార్లు మారిన చోట, ఇల్లే కూలిపోయిన చోట, ఒక వంటకాన్ని దశాబ్దాల తరబడి మార్చకుండా ఉంచారంటే అది బద్ధకం కాదేమో అని మా తమ్ముడికి ఒక్కసారైనా తట్టదు.

మా మామగారు టంగుటూరు వైపు పొగాకు రైతు. అత్తయ్యగారితో కలిసి మా దగ్గరికి వచ్చినప్పుడు ఇద్దర్నీ ఇక్కడికి మధ్యాహ్నం భోజనానికి తీసుకెళ్ళాం. దారి పొడుగునా ద్రాక్షతోటలు చూస్తూ ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఈడ వాన ఎంత పడుద్ది?" అని. అల్సాస్ వైన్ కథకి అసలు మొదలు అక్కడే. పడమటి నుంచి వచ్చే మేఘాలు వోజ్ కొండల అవతలే కురిసిపోతాయి. ఇవతల కోల్మార్‌లో ఏడాది మొత్తానికి 600 మిల్లీమీటర్ల లోపే. కరువు జిల్లా అని పేరుపడ్డ మా ప్రకాశం కన్నా తక్కువ. ఆకాశం తేటగా ఉండి, చలికాలం ముందు రోజులు పొడిగా గడిచి, ద్రాక్ష తొందర లేకుండా పండుతుంది. రిబోవిలే, హునావిర్, రిక్‌విర్, ఈ ఊళ్ళన్నీ ఆ కొండల పాదాల దగ్గర వరసగా ఉంటాయి. ట్రిమ్‌బాక్ కుటుంబం 1626 నుంచి, హ్యూగెల్ కుటుంబం 1639 నుంచి వైన్ చేస్తున్నది ఇక్కడే. ఓబెర్జ్ ఉన్నది మాత్రం కొండ వాలులో కాదు, కింద ఏటి పక్క పల్లంలో. పైనుంచి వైన్, కింద నుంచి చేప. సాసులో రీస్లింగే, గ్లాసులోనూ రీస్లింగే.

కారు దిగాక మామయ్యగారు రెస్టారెంట్ వైపు చూడనే లేదు. పక్కనున్న హోటల్ భవనం ముందు ఆగిపోయారు.

"ఇది బ్యారన్ కదా బాబూ!"

నిజమే. ఓబెర్జ్ వాళ్ళ హోటల్‌ని ఈ ప్రాంతంలో పొగాకు ఆరబెట్టే కొట్టాల పద్ధతిలో కట్టారు. అల్సాస్‌లో ఒకప్పుడు పొగాకు బాగా వేసేవాళ్ళు. మన వర్జీనియా బ్యారన్లలో పొయ్యి పెట్టి, గొట్టాల గుండా వేడి పంపి ఆకుని పండిస్తాం. ఇక్కడిది చెక్క కొట్టం, పలకల సందుల్లోంచి గాలి ఆడితే చాలు. "నిప్పు లేకుండా ఆకుకి రంగెట్టా వస్తది?" అని ఆయనకి ఒక పట్టాన నమ్మకం కుదర్లేదు. గోడ దగ్గరికెళ్ళి పలకల మీద చెయ్యేసి చూశారు. ఆ చర్చ తేలేసరికి భోజనానికి ఆలస్యంగా వెళ్ళాం. లోపల ఎవరూ గడియారం వైపు చూడలేదు.

హాలు బూజు పట్టిన కోటలా ఉంటుందనుకుంటే పొరపాటు. 2007లో పాట్రిక్ జువాఁ అనే డిజైనర్ చేత మొత్తం మార్పించారు. పాతకాలపుది అనిపించేది గోడలు కాదు, మనుషుల నడక. ఎవరూ పరిగెత్తరు. అలాగని ఎవరూ ఊరికే నిలబడరు.

ధర దాచను. మనిషికి 200 యూరోల పైమాటే, వైన్ కాకుండా. ఆ అంకె కంటపడితే మామయ్యగారు మంచినీళ్ళు తాగి లేచిపోతారని మా ఆవిడకి ఒకటే టెన్షన్. పాత ఫ్రెంచి రెస్టారెంట్లలో ఒక ఆచారం ఉండేది. బిల్లు కట్టే మనిషికే ధరలున్న మెనూ ఇస్తారు, మిగతా వాళ్ళకి ధరల్లేనిది. మగవాడే కడతాడన్న లెక్కతో ఒకప్పుడు ఆడవాళ్ళందరికీ ఆ రెండోదే ఇచ్చేవాళ్ళు. ఆ లెక్క మీద మా ఆవిడకి ఎంత కోపమో నాకూ అంతే. కానీ పెద్దవాళ్ళిద్దరికీ అలాంటిది ఇవ్వగలరా అని బుక్ చేసేటప్పుడే రాస్తే, ఇంకో ప్రశ్న లేకుండా ఇచ్చారు. మామయ్యగారు మెనూని అటూ ఇటూ తిప్పి చూశారు.

"రేట్లు వెయ్యలేదేంటమ్మా?"

"కంపెనీ కడుతుంది నాన్నా, ఇక్కడ అంతే" అంది మా ఆవిడ, నిమ్మకు నీరెత్తినట్టు.

పాత పద్ధతులన్నీ గాలికి పోవాలనేవాళ్ళు ఈ మెనూ గురించి ఏమంటారో నాకు తెలియాలి. ఆడవాళ్ళని చిన్నబుచ్చడానికి పుట్టిన ఆచారమే ఆ పూట ఒక పెద్దాయన గొంతులో ముద్ద అడ్డుపడకుండా చూసింది. దాన్ని రూలుగా పెట్టకూడదు. అడిగినవాళ్ళకి మాత్రం ఉండాలి.

ఇక కప్ప. పాల్ హేబెర్లిన్ పేరుతో పిలిచే కప్ప మూస్‌లీన్ అంటే ఈ ఇంటికి వచ్చినవాళ్ళు ముందుగా వెతికే వంటకం. మీగడ కలిపి మెత్తగా నూరిన చేప ముద్ద, దాని లోపల ఎముక తీసిన కప్ప కాళ్ళ మాంసం, పాలకూర, చుట్టూ రీస్లింగ్ సాసు, పైన సన్నగా తరిగిన చైవ్స్, అంటే ఉల్లికాడల్లాంటి ఆకు. చూడ్డానికి తెల్లగా, గుండ్రంగా, ఏ ఆర్భాటమూ లేకుండా ఉంటుంది. ఫొటో తీస్తే లైకులు రావు. ఫోర్కు ఆనిస్తే చాలు, తెగిపోతుంది. ముందు తగిలేది వెన్న. అబ్బో, బరువుగా ఉందే అనుకునే లోపు వైన్ పులుపు వస్తుంది, ఆ దెబ్బకి బరువంతా దిగిపోతుంది. కప్ప రుచి ఆఖర్న, కోడికీ చేపకీ మధ్య ఎక్కడో. ఆ పులుపు ఒక్క పిసరు ఎక్కువైతే నోరు జివ్వుమంటుంది, తక్కువైతే రెండో ముద్దకే మొహం మొత్తుతుంది. సాసు అయితే పలచగా జారకూడదు, గట్టిగా పేరుకోకూడదు. ఈ తూకాన్ని ఏళ్ళ తరబడి, రోజూ, వచ్చి పోయే కుర్రవాళ్ళ చేతుల్లో నిలబెట్టడం కొత్త వంటకం కనిపెట్టడం కంటే కష్టమని నేననుకుంటాను.

అత్తయ్యగారు మొహం తిప్పుకున్నారు. మామయ్యగారు తిన్నారు, తిన్నాక అడిగారు, "మన మళ్ళల్లో ఉండే కప్పేనా?" అని. ఒకప్పుడైతే అవుననే చెప్పాలి. వరి మళ్ళలో పట్టిన కప్పల కాళ్ళు మన దేశం నుంచి టన్నుల కొద్దీ యూరప్‌కి వచ్చేవి. కప్పలు తగ్గి పురుగు పెరుగుతోందన్న గొడవ ముదిరి 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేసింది. ఫ్రాన్స్‌లో అయితే వ్యాపారానికి అడవి కప్పల్ని పట్టడం 1980లోనే నిషేధించారు. ఇప్పుడు యూరప్ తినే కప్ప కాళ్ళలో ఎక్కువ భాగం ఇండోనేషియా నుంచి వస్తాయి. అంటే తమ చెరువుల్లో కప్పల్ని కాపాడుకుని ఇంకొకళ్ళ మళ్ళు ఖాళీ చేయిస్తున్నారు. ఈ వంటకాన్ని నిలదీయాలంటే అడగాల్సిన ప్రశ్న ఇది. దీనికి నా దగ్గర జవాబు లేదు. మా తమ్ముడు ఇది వదిలేసి పాతది, పాతది అంటాడు.

గైడు తన కొలతలు తానే చెప్పుకుంది, ఐదు. సరుకు నాణ్యత, వండే నేర్పు, రుచుల పొందిక, వంటలో కనిపించే షెఫ్ వ్యక్తిత్వం, ఎప్పుడొచ్చినా అదే స్థాయి నిలబెట్టడం. ఈ ఆఖరి దాన్ని పట్టుకుని అడుగుతున్నాను. నిలకడకి మార్కులుంటే ఓబెర్జ్‌ని మించినవాళ్ళు ఎంతమంది? వ్యక్తిత్వం అంటే ఏటేటా కొత్తది చూపించడమేనా? కాకినాడ సుబ్బయ్య హోటల్‌కి వెళ్ళి, ఏళ్ళుగా ఆ పప్పు, ఆ పొడులే పెడుతున్నారు, కొంచెం సృజన చూపించండి అని మనలో ఎవరైనా అంటామా? విస్తరి ముందు నుంచి లేపి పంపిస్తారు. పంపించాలి కూడా.

అదే 2019 జాబితాలో మూడో నక్షత్రం పోయిన ఇంకో షెఫ్, మార్క్ వేరా, గైడు మీద కోర్టుకెక్కారు. తన సూఫ్లేలో, అంటే గుడ్డు నురగతో పొంగించే వంటకంలో, చెడ్డార్ అనే ఇంగ్లీషు చీజ్ వేశానని ఇన్‌స్పెక్టర్ పొరబడ్డాడని ఆయన మంట. ఆ ఏడాది డిసెంబరు 31న తీర్పు వచ్చింది, ఓడిపోయారు. హేబెర్లిన్లు కోర్టు జోలికి పోలేదు. కప్పని మెనూలోంచి తియ్యనూ లేదు. ఈ రెండోది నాకు నచ్చింది.

ఇంకో మాట. నక్షత్రం ప్లేటులో ఉన్నదానికే, వడ్డనకి కాదు అని గైడు చెబుతూనే ఉంటుంది. అలాంటప్పుడు ఇలాంటి ఇళ్ళు దేనికి పేరుపడ్డాయో అది లెక్కలోకే రాదు. అత్తయ్యగారి మొహం చూసిన వెయిటరమ్మాయి ఏమీ అడగలేదు, ఏమైంది అని చుట్టూ మూగడం లేదు. ఆ ప్లేటు మెల్లగా తీసేసింది. కాసేపటికి చిన్న గిన్నెలో వేడి వేడి కూరగాయల సూపు తెచ్చి ఆవిడ ముందు పెట్టి వెళ్ళిపోయింది. అత్తయ్యగారికి ఫ్రెంచి రాదు, ఆ అమ్మాయికి తెలుగు రాదు. చేపలోకి సాసు ఒకసారి పోసి ఊరుకోరు, సగం తిన్నాక గిన్నె పట్టుకుని మళ్ళీ వస్తారు. ఈ ఇంటి ఇంకో పాత వంటకం, సాల్మన్ మీద పైక్ చేప ముద్ద పొంగించి చేసేది, దానికి ఆ రెండోసారి సాసు లేకపోతే సగం అందం పోయినట్టే.

వైన్ సంగతి మరీ. ఇక్కడ ఏళ్ళ తరబడి వైన్ చూసుకున్న సెర్జ్ డ్యూబ్స్ 1989లో ప్రపంచ ఉత్తమ సొమెలియర్ అనిపించుకున్నాడు. సొమెలియర్ అంటే ఏ వంటకానికి ఏ వైన్ అతుకుతుందో చెప్పి పోసేవాడు. అలాంటి చోట వైన్ పుస్తకం తెరిస్తే నాలాంటివాడికి చెమటలే. నోటితో చెప్పకుండా, నా స్తోమతకి తగ్గ అంకె మీద వేలు పెట్టి, "రీస్లింగ్, ఇలాంటిది" అన్నాను. సొమెలియర్ వేలు వంక చూశాడు, తలూపాడు, దానికంటే తక్కువ ధర సీసా తెచ్చాడు. అది చేపకి సరిగ్గా అతికింది. మామయ్యగారు మందు ముట్టరు. ఆయనకి గెవుర్జ్‌ట్రామినర్ ద్రాక్ష రసం, పులియబెట్టనిది, అదే పొడుగు కాడ గ్లాసులో, అంతే శ్రద్ధగా పోశారు. "రోజా పువ్వు వాసనొస్తందే!" అని రెండోసారి పోయించుకున్నారు. తాగనివాణ్ణి రెండో రకం మనిషిలా చూడకపోవడం ఎంత అరుదో, పార్టీల్లో కోక్ గ్లాసు పట్టుకుని మూల నిలబడే మనవాళ్ళందరికీ తెలుసు.

ఇలాంటి వడ్డన మిగతా చోట్ల ఎలా సన్నబడిందో దానికీ ఒక కథ ఉంది. 1973లో గో, మియో అనే ఇద్దరు విమర్శకులు కొత్త వంట పేరుతో పది సూత్రాలు ప్రకటించారు. పిండి వేసి చిక్కబెట్టిన సాసులు వద్దు, అతిగా ఉడికించొద్దు, మెనూలు చిన్నవి చెయ్యండి, ఇలా. చాలావరకు మంచి మాటలే, వాటి వల్ల ఫ్రెంచి వంట బాగుపడింది కూడా. అయితే అంతకు ముందు నుంచే మొదలైన ఇంకో మార్పు ఆ ఊపులో ఊరూరా పాకింది. రొవాన్‌లో త్రువాగ్రో సోదరుల్లాంటి వాళ్ళు ప్లేటుని వంటింట్లోనే సర్ది పంపడం మొదలుపెట్టారు. అంతకు ముందు బాతుని కోయడం, చేప ముల్లు తీయడం, సాసు పూర్తి చేయడం, ఇవన్నీ బల్ల పక్కన, వెయిటర్ చేతుల్లో జరిగేవి. ప్లేటు వంటింట్లో పూర్తయ్యాక వెయిటర్ చేతికి మిగిలింది మోయడమే. మా తమ్ముడు నన్ను తీసుకెళ్ళే చోట్ల ఆ అబ్బాయి ప్లేటు దించి, అందులో ఉన్న తొమ్మిది రకాలూ పద్యం అప్పజెప్పినట్టు చెప్పి వెళ్ళిపోతాడు. మనం అడిగిన ప్రశ్న ఆ పాఠంలో లేకపోతే వంటింట్లో కనుక్కొస్తానంటాడు. ఫ్రాన్స్‌లో అత్యున్నత పనివాళ్ళకి ఇచ్చే బిరుదు పోటీలో షెఫ్‌లకీ, రొట్టెలు చేసేవాళ్ళకీ ఉన్నట్టే వడ్డించేవాళ్ళకీ ప్రత్యేక విభాగం ఉంది. దాన్ని పనిగా గుర్తించిన దేశంలోనే దాన్ని తక్కువ చేస్తున్నారు.

తమ్ముడి వాదనలో బలం లేదని కాదు. అలాంటి చోట మూడు గంటలు కూర్చోవడం అందరికీ పడదు. గొంతు తగ్గించి మాట్లాడాలి, పిల్లల్ని తీసుకెళ్ళడానికి భయం. డబ్బున్నవాళ్ళ ఆచారాలని మనం కళ అని మురిసిపోతున్నామా అనే అనుమానం నాకూ వస్తుంది. వాడు చూపించిన చిన్న చోట్లలో, నలుగురు కుర్రాళ్ళు ఒక ఇరుకు గదిలో, ఓబెర్జ్ ధరలో పావు వంతుకి అద్భుతంగా వండినవీ ఉన్నాయి. అలాంటివి ఇంకా రావాలి. నాకు అభ్యంతరం ఒక్కటే, వాటిని కొలిచే కర్రతో వీటిని కొలవడం. పారిస్‌లో ఒక చోట కిందటి నెల తిని మెచ్చుకున్న వంటకం ఈ నెల అడిగితే "అది అయిపోయింది, మేం ముందుకి వెళ్ళిపోయాం" అన్నారు. ముందుకి ఎక్కడికో నాకు అర్థం కాలేదు. ఆకలి మాత్రం అక్కడే ఉంది.

పాత ఇళ్ళు మారాల్సిన చోటు మాత్రం ఒకటుంది. మా అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ముందే చెబితే ఇలాంటి చోట్ల ఏదో ఒకటి చేసి పెడతారు, మర్యాదగానే పెడతారు. కానీ ఆ పూటకి సర్దినదానికీ, యాభై ఏళ్ళు చేసి చేసి తూకం కుదిరినదానికీ తేడా నాలుకకి తెలిసిపోతుంది. అల్సాస్‌లో వసంతం వస్తే తెల్ల ఆస్పరాగస్ కోసం జనం ఎగబడతారు. పక్కనే మున్‌స్టర్ లోయలో చీజ్ ఉంది. గుడ్డు లేకుండా, అదే రీస్లింగ్‌తో సాసు చేసి, ఒక్క కూరగాయ వంటకాన్ని పట్టుకుని రాబోయే యాభై ఏళ్ళు మార్చకుండా వండమనండి. కప్ప పక్కనే, దానికీ ఇంటివాళ్ళ పేరే పెట్టి. నక్షత్రం కోసం కాదు, అమ్మని కూడా తీసుకెళ్ళడానికి.

ఇది రాశాక తమ్ముడికి పంపాను. "యాభై ఏళ్ళా? మొదటి ఏడాదికే బోర్ కొడుతుంది" అని జవాబిచ్చాడు. వచ్చే నెల బాసెల్ వస్తున్నాడు. ఎక్కడ తినాలో ఇంకా తేలలేదు.